బడి విడిచిన బాలుడు కట్టిన బడి

విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు జయంతి మే నెల 7వ తేదీన వస్తుంది. మన ఇళ్లలో పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూసే రోజులు కూడ ఇంచుమించు అవే. ఒక క్వార్టరులో మిఠాయి పంచుతారు. పక్క క్వార్టరులో తలుపు వేసుకుంటారు. ఉదయం డ్యూటీకి వచ్చిన తండ్రి ముఖం చూసి కుమారునికి వచ్చిన మార్కులెన్నో సహోద్యోగులు పోల్చుకోగలుగుతారు. ఈ రెండూ ఒకే ఋతువులో కలవడం యాదృచ్ఛికమే. అయినా, పరీక్ష వ్రాసి ఏ పట్టమూ పొందకుండానే ఈ దేశానికి విద్య అంటే ఏమిటో ఆచరించి చూపిన ఒక మహనీయుని సరిగ్గా ఈ రోజుల్లో స్మరించుకోవడం మనకు మేలని భావిస్తున్నాము.

రవీంద్రుడు కవిగా మనకు తెలుసు. జాతీయగీత కర్తగా మన పిల్లలకు సైతం తెలుసు. కాని ఆయన నలభై సంవత్సరాల పాటు ఒక బడి భారాన్ని మోసిన ఉపాధ్యాయుడన్న సంగతి మనలో చాలమంది పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా చదివి మరచినదే.

సుద్దముక్కతో గీసిన గిరి

రవీంద్రుడు 1861లో కలకత్తా నగరంలోని జోరాసాంకో భవనంలో జన్మించారు. తాత ద్వారకానాథుడు పేరుమోసిన వర్తకుడు. తండ్రి దేవేంద్రనాథుడు బ్రహ్మసమాజానికి నాయకుడు, జనులచేత 'మహర్షి' అని పిలిపించుకున్న వ్యక్తి. ఇల్లు పెద్దది, కుటుంబం అంతకన్న పెద్దది. తల్లి శారదాదేవి సంతానవతి, అస్వస్థురాలు. తండ్రి తరచు దేశాటనంలో ఉండేవారు. కనుక చిన్నవాడైన రవీంద్రుని బాల్యం నౌకర్ల ఏలుబడిలో గడిచింది. శ్యామ్ అనే నౌకరు ఆ బాలుని ఒకచోట కూర్చోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గిరి గీసి, దాటితే ప్రమాదమని బెదిరించి తన పనిమీద వెళ్లేవాడు. సీతమ్మ గీత దాటి పడిన కష్టాలు విన్న బాలుడు కదిలేవాడు కాడు. గిరిలోనే కూర్చుని కిటికీలోంచి చెరువునూ, గట్టున ఉన్న మర్రిచెట్టునూ, స్నానాలకు వచ్చి పోయేవారినీ రోజంతా చూసేవాడు. ఈ ముచ్చట ఆయనే తన 'జీవనస్మృతి'లో చెప్పుకున్నారు.

బడి ఆ గిరికి కొనసాగింపుగానే తోచింది. ఓరియంటల్ సెమినరీ, నార్మల్ స్కూలు, బెంగాల్ అకాడమీ, సెయింట్ జేవియర్స్ ఒకదాని తరువాత ఒకటి మారినా ఏ బడిలోనూ ఆ పిల్లవాడు నిలువలేదు. బడి నుంచి ఇంటికి వచ్చి ఆడుకొన్న ఆట ఒకటి ఆయన వర్ణించారు. వసారాలోని కటకటాల కమ్మీలే శిష్యులు, తాను పంతులు. చేత బెత్తం పట్టుకుని ఆ కొయ్యశిష్యులను వాయించడమే ఆట. పంతులుగారి పాఠంకన్న ముందు పంతులుగారి కోపమే తనకు పట్టుబడిందని ఆయన పెద్దయిన తరువాత గ్రహించారు. ఉపాధ్యాయుల నుంచి పిల్లలు ముందుగా నేర్చుకునేది పాఠమా, స్వభావమా? ఆయన విద్యాచింతనకు ఈ ప్రశ్నే బీజమని చెప్పవచ్చు.

దీనికి ఎదురుగా మరొక జ్ఞాపకం ఉన్నది. 1873లో ఉపనయనమైన పిమ్మట తండ్రి ఆ బాలుని వెంటబెట్టుకుని బయలుదేరారు. బోల్పూరు సమీపంలోని శాంతినికేతనంలో కొన్ని దినాలు, అమృతసర్‌లో కొంతకాలం, ఆపైన హిమాలయాలలోని డల్హౌసీ. దారిఖర్చుల డబ్బు, లెక్క, చివరికి తన బంగారు గడియారానికి రోజూ తాళం ఇచ్చే పని కూడ కుమారునికే అప్పగించారు. అత్యుత్సాహంతో తిప్పిన తాళానికి గడియారం చెడి, మరమ్మతుకు కలకత్తా పంపవలసి వచ్చింది. తండ్రి దండించలేదు. సాయంవేళ ఆకాశం వైపు చూపి నక్షత్రాలను పరిచయం చేశారు. సంస్కృతం, ఆంగ్లం దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పారు. కొండదారుల్లో ఒంటరిగా తిరగనిచ్చారు. బడులు ఏళ్ల తరబడి ఇవ్వలేనిది కొన్ని మాసాలలో ఆ బాలునికి లభించింది. పిల్లవానిని నమ్మడం, తప్పు చేయనివ్వడం, ప్రకృతి దగ్గర వదలడం అనే మూడు సూత్రాలూ ఆయన తరువాత నెలకొల్పిన బడికి పునాదిరాళ్లయినవి.

పద్మానది నేర్పిన పాఠం

1878లో చదువు నిమిత్తం ఇంగ్లండు వెళ్లిన రవీంద్రుడు 1880లో పట్టం లేకుండానే తిరిగి వచ్చారు. 1883లో మృణాళినీదేవితో వివాహమైనది. 1890 ప్రాంతంలో తండ్రి ఆయనకు తూర్పు బెంగాలులోని జమీందారీ వ్యవహారాలు అప్పగించారు. షిలాయిదహ, షాజాద్‌పూర్, పతిసర్ అనే ఆ స్థలాలు నేడు బంగ్లాదేశంలో ఉన్నవి. పద్మానదిలో పడవపై నివసిస్తూ శిస్తు లెక్కలు చూసిన ఆ సంవత్సరాలలోనే ఆయన బెంగాలీ కథానికకు ప్రాణం పోశారు. 'పోస్ట్‌మాస్టర్', 'కాబూలీవాలా' వంటి కథలలోని మనుష్యులు ఆ నదీతీరాల నుంచి వచ్చినవారే.

ఆ కాలంలోనే వ్రాసిన 'ఛుటీ' అనే కథను తల్లిదండ్రులు ప్రత్యేకంగా చదువవలసి ఉన్నది. ఫటిక్ అనే పల్లెటూరి పిల్లవాడు చదువుకోసం కలకత్తాలోని మేనమామ ఇంటికి వెళతాడు. అక్కడి బడిలో అతడు మొద్దు, ఆ ఇంట్లో అతడు బరువు. సెలవులెప్పుడా, అమ్మ దగ్గరకు వెళ్లేదెప్పుడా అని లెక్కపెట్టుకుంటూ జ్వరంతో పడిపోయే ఆ బాలుని కథ శతాబ్దం దాటినా పాతబడలేదు. నేడు రెసిడెన్షియల్ కళాశాలల వసతిగృహాలలో సెలవుల కోసం రోజులు లెక్కించే పిల్లలు ఫటిక్‌కు తోబుట్టువులే.

1892లో 'శిక్షార్ హేర్‌ఫేర్' అనే వ్యాసంలో రవీంద్రుడు నాటి విద్యపై తన విమర్శను స్పష్టంగా ప్రకటించారు. పరాయి భాషలో ఆరంభమయ్యే చదువు పిల్లవాని జీవితంతో కలవదు. మాట ఒకవైపు, భావం మరొకవైపు పెరుగుతాయి. ఆనందం లేని చోట గ్రహణశక్తి ఎదగదు అన్నది ఆ వ్యాస సారాంశం. ఆంగ్లం వద్దని ఆయన అనలేదు. తన ఆంగ్ల గీతాంజలితోనే ప్రపంచాన్ని మెప్పించినవారు ఆయన. పునాది మాతృభాషలో పడాలన్నదే ఆయన వాదం. వాదించి ఊరుకోక, 1930లో బెంగాలీ పిల్లల కోసం 'సహజ్ పాఠ్' అనే వాచకాన్ని స్వయంగా వ్రాశారు. దానికి నందలాల్ బోస్ బొమ్మలు వేశారు. 1937లో విజ్ఞానశాస్త్రాన్ని సులభమైన బెంగాలీలో వివరిస్తూ 'విశ్వపరిచయ్' రచించి, భౌతికశాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోసుకు అంకితమిచ్చారు.

అయిదుగురు విద్యార్థులు

1863లో దేవేంద్రనాథుడు బోల్పూరు దగ్గర రెండు సప్తపర్ణ వృక్షాలున్న బీడుభూమిని ధ్యానానికై సేకరించారు. ఆ శాంతినికేతనంలోనే 1901 డిసెంబరు 22వ తేదీన రవీంద్రుడు బ్రహ్మచర్యాశ్రమం పేరిట బడి ప్రారంభించారు. అయిదుగురు విద్యార్థులు, అందులో ఒకరు ఆయన పెద్ద కుమారుడు రథీంద్రనాథుడు. తరగతి గది చెట్టునీడ. వాన వస్తే పాఠం ఆగేది, వానను చూడడమే పాఠమయ్యేది.

డబ్బు చాలలేదు. మృణాళినీదేవి తన నగలు ఇచ్చారు. పూరీలో ఉన్న ఇల్లు అమ్ముడుపోయింది. బడి పుట్టి ఏడాది తిరగక ముందే, 1902 నవంబరులో మృణాళినీదేవి కన్నుమూశారు. 1903లో కుమార్తె రేణుక, 1905లో తండ్రి, 1907లో కలరా సోకి చిన్న కుమారుడు శమీంద్రుడు గతించారు. వరుసగా ఇన్ని దెబ్బలు తగిలిన మనిషి బడిని మూసివేసినా ఎవరూ తప్పుపట్టి ఉండరు. ఆయన మూయలేదు. ఇతరుల పిల్లల మధ్య కూర్చుని పాటలు కట్టారు, నాటకాలు ఆడించారు.

ఉపాధ్యాయులను ఆయన ఎన్నుకొన్న తీరు ఉద్యోగస్థులమైన మనకు ఆసక్తి కలిగించేది. పతిసర్ జమీందారీ కచేరీలో హరిచరణ్ బందోపాధ్యాయ అనే ఉద్యోగి ఉండేవారు. పగలంతా కచేరీ పని చూసి, రాత్రివేళ సంస్కృతం చదువుకునేవారు. ఆ సంగతి తెలిసిన రవీంద్రుడు ఆయనను శాంతినికేతనానికి పిలిపించి సంస్కృతోపాధ్యాయునిగా నియమించారు. తరువాత బెంగాలీ భాషకు సమగ్రమైన నిఘంటువు తయారుచేయమని కోరారు. 1905లో ఆరంభించిన ఆ పనికి హరిచరణ్ బాబు దాదాపు నాలుగు దశాబ్దాలు ధారపోశారు. 'వంగీయ శబ్దకోశం' ముద్రణ పూర్తి అయ్యేనాటికి పురమాయించిన కవి జీవించి లేరు. లెజ్జరు వెనుక కూర్చున్న మనిషిలో ఏమి దాగి ఉన్నదో చూడగల పై అధికారి ఒకరు లభిస్తే ఒక జాతికి నిఘంటువు సమకూరుతుంది.

ఆ బడిలో బెత్తం లేదు. తప్పు చేసినవారిని విద్యార్థులే ఎన్నుకొన్న విచారసభ విచారించేది. వారపు సెలవు ఆదివారం కాదు, బుధవారం. సంగీతం, చిత్రలేఖనం, నాటకం అదనపు విషయాలు కావు; లెక్కలతో సమానమైనవి. ఋతువులకు పండుగలు ఏర్పాటు చేశారు. మొక్కలు నాటే వృక్షారోపణోత్సవం, నాగలి పట్టే హలకర్షణోత్సవం 1928 నుంచి అక్కడ జరుగుతున్నవి. 1915లో గాంధీజీ వచ్చి, వంట, పారిశుద్ధ్యం పనులు విద్యార్థులే చేసుకోవాలని సూచించగా, రవీంద్రుడు ఆ ప్రయోగానికి సంతోషంగా అంగీకరించారు. మార్చి 10వ తేదీ ఆశ్రమంలో నేటికీ 'గాంధీ పుణ్యాహం'గా జరుగుతుంది.

సొంత కుమారుని విషయంలోనూ ఆయన మాట ఒకటి, చేత మరొకటి కాలేదు. జమీందారుల బిడ్డలు బారిస్టరు చదువుకో, సివిల్ సర్వీసుకో ఓడ ఎక్కుతున్న రోజులలో, 1906లో రథీంద్రుని వ్యవసాయశాస్త్రం నేర్చుకోమని అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయానికి పంపారు.

కీర్తి, కలం, బాధ్యత

బెంగాలీ గీతాంజలి 1910లో వెలువడింది. కవి స్వయంగా చేసిన ఆంగ్ల గీతాంజలి 1912లో లండనులో ప్రచురితమైనది. 1913లో సాహిత్యానికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆసియా ఖండానికి అదే తొలి నోబెల్. బహుమతి సొమ్మును పతిసర్‌లో రైతుల కోసం తాను స్థాపించిన కృషి బ్యాంకులో ఉంచి, రైతులకు అప్పు, బడికి వడ్డీ ఏర్పాటు చేశారు. 1915లో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన 'సర్' బిరుదును, జలియన్‌వాలాబాగ్ మారణకాండ తరువాత 1919 మే నెలాఖరున వైస్రాయికి లేఖ వ్రాసి త్యజించారు.

'గోరా', 'ఘరే బైరే' వంటి నవలలు, రెండు వేలకు పైబడిన పాటలు, అరవై దాటిన వయస్సులో చేపట్టిన చిత్రలేఖనం ఆయన సృష్టిలో కొంత మాత్రమే. విద్యను గురించి ఆయన చెప్పదలచినదంతా 'తోతాకాహిని' అనే చిన్న వ్యంగ్యకథలో ఇమిడి ఉన్నది. పాడుతూ ఎగిరే చిలుకకు చదువు చెప్పించాలని రాజుగారు నిశ్చయిస్తారు. బంగారు పంజరం తయారవుతుంది. పండితులు వస్తారు, పర్యవేక్షకులు వస్తారు, అందరి ఇళ్లూ బాగుపడతాయి. పుస్తకాల కాగితాలు చిలుక నోట కుక్కుతారు. అది ఎప్పుడు చనిపోయిందో ఎవరూ గమనించరు. ఇన్ని ఏర్పాట్లలో చిలుకను చూసినవారే లేకపోవడం ఆ కథలోని చురక.

'డాక్‌ఘర్' నాటకం మరొకటి. జబ్బుపడి గదిలో ఉండిపోయిన అమల్ అనే పిల్లవాడు కిటికీ దగ్గర కూర్చుని దారిన పోయేవారితో స్నేహం చేస్తాడు. సుద్దగిరిలో కూర్చున్న జోరాసాంకో బాలుడే ఈ అమల్ అనిపిస్తుంది. 1942 జూలైలో, నాజీల ఆక్రమణలోని వార్సా నగరపు ఘెట్టోలో, యానుష్ కోర్చాక్ అనే వైద్యుడు తన అనాథాశ్రమం పిల్లలచేత ఈ నాటకం ఆడించారు. ఆగస్టు మొదటి వారంలో ఆ పిల్లలనూ, వారిని విడిచి ఉండనన్న ఆ వైద్యునీ నాజీలు మృత్యుశిబిరానికి తరలించారు. బోల్పూరు కవి ఊహించిన కిటికీ, ఎక్కడో పోలండులో మూసుకుపోతున్న పసిజీవితాలకు కూడ తెరుచుకున్నది.

విశ్వభారతి, శ్రీనికేతనం

మొదటి ప్రపంచయుద్ధం తరువాత జాతుల మధ్య ద్వేషాన్ని చూసి కలతచెందిన రవీంద్రుడు తన బడిని విశ్వమంతటికీ ఒక గూడుగా విస్తరించాలని సంకల్పించారు. 1921 డిసెంబరు 23న విశ్వభారతి విధ్యుక్తంగా ప్రారంభమైనది. ఫ్రాన్సు నుంచి సిల్వాఁ లెవీ తొలి అతిథి ఆచార్యులుగా వచ్చారు. కళాభవనం నందలాల్ బోస్ చేతుల మీదుగా వికసించింది. 1937లో చీనాభవనం ఏర్పడింది.

మరుసటి ఏడు, 1922 ఫిబ్రవరిలో, సమీపంలోని సురుల్ గ్రామంలో లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అనే ఆంగ్ల వ్యవసాయ నిపుణుని సహాయంతో గ్రామ పునర్నిర్మాణ కేంద్రం ఆరంభమైంది. అదే శ్రీనికేతనం. మలేరియా నివారణ, సహకార సంఘాలు, నేత, తోలుపని, కుండల తయారీ అక్కడి పాఠాలు. చుట్టూ పల్లెలు ఆకలితో ఉండగా మధ్యలో పాటలు పాడుకునే విద్య అసంపూర్ణమని ఆయన భావించారు.

ఓటమిని ఒప్పుకున్న నిజాయితీ

ఇంతవరకు వ్రాసినది చదివి, ఇదంతా కవుల స్వప్నమేగాని సంసారులకు కుదిరేదా అని మన పాఠకులు అడుగవచ్చు. ఆ ప్రశ్న రవీంద్రుని బడిలోనే తలెత్తింది. అడిగినవారు తల్లిదండ్రులే.

పిల్లవాడు చెట్లకింద ఆనందంగా ఉన్నాడు, సంతోషమే. మరి మెట్రిక్యులేషన్ మాటేమిటి? ఉద్యోగం మాటేమిటి? ఈ ఒత్తిడికి శాంతినికేతనం కూడ తలొగ్గింది. కలకత్తా విశ్వవిద్యాలయపు పరీక్షకు విద్యార్థులను సిద్ధం చేయక తప్పలేదు. పై తరగతులకు వచ్చేసరికి తన పద్ధతి పలచబడి పోతున్నదని రవీంద్రుడు బాధపడ్డారు. ఆ బాధను దాచుకోలేదు.

అందుచేత 1924లో ఆయన 'శిక్షాసత్రం' అనే మరొక చిన్న బడి పెట్టారు. పేదపల్లెల పిల్లలు, అనాథలు, కొద్దిమంది మాత్రమే. వంట, తోటపని, నేత, జమాఖర్చు అన్నీ చేతులతో చేస్తూ నేర్చుకునేవారు. పట్టాల కోసం తొందరపెట్టే సంరక్షకులు లేని పిల్లలు గనుక, అక్కడ తన ఆదర్శం కల్తీలేకుండ సాగుతుందని ఆయన ఆశించారు. 1927లో ఆ బడి శ్రీనికేతనానికి మారింది.

ఇందులో మనకు గుచ్చుకొనే ముల్లు ఒకటి ఉన్నది. దేశం గర్వించే ఆ విద్యాప్రయోగానికి అడ్డుపడినది పరాయి ప్రభుత్వం మాత్రమే కాదు. బిడ్డల మేలుకోరిన తల్లిదండ్రులు కూడ. వారు దుర్మార్గులు కారు. నెలజీతంపై బ్రతికే మనబోటి వారే. మన భయమే వారి భయం.

తెలుగునాట రవీంద్రుడు

రవీంద్రునికి తెలుగునేలతో గల అనుబంధం చిన్నది కాదు. 1919లో ఆయన రాయలసీమలోని మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలకు అతిథిగా వచ్చి, ఫిబ్రవరి 28న 'జనగణమన'ను ఆంగ్లంలోకి అనువదించారు. ఆ కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ సతీమణి మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరలిపి సిద్ధం చేశారు. 1933 డిసెంబరులో, సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షులుగా ఉన్న కాలంలో, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మానవుని గురించి ఉపన్యసించారు. అవి తరువాత గ్రంథరూపం దాల్చినవి. రాయప్రోలు సుబ్బారావు గారు శాంతినికేతనంలో కొంతకాలం గడిపి వచ్చారు. అక్కడ విద్యాభ్యాసం చేసిన బెజవాడ గోపాలరెడ్డి గారు ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రి కావడమే గాక రవీంద్రుని రచనలెన్నింటినో తెలుగు చేశారు. చలం గారి గీతాంజలి మన ఇళ్లలో తరతరాలుగా చదవబడుతున్నది.

మనం చేయగలిగినది

చివరి సంవత్సరాలలో కూడ బడి ఖర్చులకు ఆ వృద్ధకవి నాటక బృందంతో ఊరూరా తిరిగారు. 1936లో ఢిల్లీలో ఆయన అవస్థ చూసిన గాంధీజీ అరవై వేల రూపాయలు సమకూర్చి, ఇక ఈ ప్రయాణాలు మానమని కోరారు. 1940లో గాంధీజీ శాంతినికేతనానికి వచ్చినపుడు, తన తదనంతరం విశ్వభారతిని కాపాడమని ఒక లేఖ చేతికిచ్చారు. 1941 ఆగస్టు 7న, జన్మించిన జోరాసాంకో ఇంటిలోనే తుదిశ్వాస విడిచారు. 1951లో విశ్వభారతి కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2023 సెప్టెంబరులో శాంతినికేతనం యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేరింది. సత్యజిత్ రాయ్ చిత్రలేఖనం నేర్చినదీ, అమర్త్యసేన్ బాల్యంలో చదువుకొన్నదీ అక్కడే.

పరీక్షలు రద్దుచేయమని మేము కోరడం లేదు. ఉద్యోగం విలువ ఉద్యోగస్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాని బడి మార్చకుండానే ఇంటిలో చేయగలిగినవి కొన్ని ఉన్నవి. ఈ సెలవులలో ఒక ప్రయాణపు దారిఖర్చుల లెక్క పిల్లవానికి అప్పగించవచ్చు. ఒకటి రెండు తప్పులు పోతే పోనీయవచ్చు. రాత్రి డాబాపై పడుకున్నపుడు నాలుగు నక్షత్రాల పేర్లు చెప్పవచ్చు. తెలియకపోతే ఇద్దరూ కలిసి తెలుసుకోవచ్చు. ఒక తెలుగు కథ పైకి చదివి వినిపించవచ్చు. క్వార్టరు ముందు ఒక మొక్క నాటించి, దానికి నీరు పోసే బాధ్యత బిడ్డకే ఇవ్వవచ్చు. వీటిలో వేటికీ ఫీజు లేదు.

ఫలితాలు వెలువడిన సాయంత్రం మార్కుల జాబితా చేతికి తీసుకునే ముందు, ఒక్క క్షణం ఆ జాబితా తెచ్చిన బిడ్డ ముఖం వైపు చూద్దాం. రాజుగారి కొలువులో చిలుకను చూసినవారు లేకపోయారు. మన ఇంట ఆ మాట రాకూడదు.